తీర్థన్ లోయ: మంచు కరిగేలోపు గాలం

మనాలీ దారిలో ఔట్ సొరంగంలోకి వెళ్లకుండా లార్జీ వైపు తిరిగితే ఆ రద్దీ అక్కడితో వదిలిపోతుంది. హిమాచల్‌లోని కుల్లూ జిల్లా ఇది. బంజార్ దాటి గుశైణీ చేరేదాకా చాలా దూరం తీర్థన్ నది రోడ్డుకు తోడుగా ఉంటుంది. గ్రేట్ హిమాలయన్ నేషనల్ పార్కు కొండల్లో పుట్టి, లార్జీ దగ్గర బియాస్ నదిలో కలుస్తుంది.

మార్చి మొదలైతే ట్రౌట్ చేపల వేటకు తలుపులు తీసినట్టే. బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెట్టే కాలమని నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా నిషేధం. ఆ తర్వాతైనా మత్స్యశాఖ పర్మిట్ ఉండాల్సిందే. ఈ చేప పుట్టిల్లు యూరప్. 1909లో ఇంగ్లీషువాళ్లు కుల్లూ లోయకు తెచ్చారు. చల్లటి పరుగునీళ్లు దొరికేసరికి ఇక్కడిదే అయిపోయింది.

వానపామును గుచ్చి, బెండు మునిగేదాకా గట్టున కూర్చునే వేట కాదిది. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఈకలు, దారం చుట్టి పురుగులాంటి ‘ఫ్లై’ తయారుచేస్తారు. దానికి బరువుండదు, లావుపాటి గాలం తాడు బరువుతోనే విసరాలి. ఏ పురుగు కట్టాలో నదే చెబుతుంది. మోకాలి లోతులో ఒక రాయి తిరగేస్తే, అడుగున మేఫ్లై పిల్లపురుగులు తోకలు ఆడిస్తూ కరుచుకుని ఉంటాయి. ఆ సైజు, ఆ రంగు ఫ్లై తీసి కడితే సరి.

ఏప్రిల్, మే నెలల్లో నది పొద్దున్న ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటుంది. తెల్లవారాక గులకరాళ్లు లెక్కపెట్టేంత తేట. కానీ నీళ్లు ఎముకలు కొరుకుతాయి, చేప బద్ధకంగా ఉంటుంది. ఎండెక్కాక పైన కరిగిన మంచు సాయంత్రానికల్లా బూడిదరంగు ప్రవాహమై దిగుతుంది. పురుగులు రెక్కలు విప్పే వేళకూ ఆ మంచునీళ్లు వచ్చే వేళకూ మధ్య కొన్ని గంటలే వేటగాడివి. బండల వెనుక, పరుగునీరూ నిలకడనీరూ ఒరుసుకునే చోట ఫ్లై వదలాలి. మన నీడ నీళ్లమీద పడిందా, చేప మాయం.

ఈ నది ఇంకా తన ఇష్టప్రకారం పారుతోందంటే ఊరికే కాదు. తీర్థన్ మీద తలపెట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టులను, మాజీ ఎమ్మెల్యే దిలేరామ్ శబాబ్ ముందుండగా లోయ జనం అడ్డుకున్నారు. తిరుగుదారిలో లార్జీ దగ్గర ఆగితే ఆ పోరాటం విలువ కంటికి కనిపిస్తుంది. ఆనకట్ట వెనుక బియాస్ కదలకుండా నిలబడి ఉంటుంది. ఆ నీళ్లను చూసి పొద్దున్నో సాయంత్రమో చెప్పలేం.