ఎడమచేతి పాట

పియానో వాయించేటప్పుడు సాధారణంగా కుడిచేయి పాటను పలికిస్తుంది. ఎడమచేయి అడుగున ఉండి తాళాన్ని మోస్తుంది. బ్రెజిల్ దేశపు స్వరకర్త ఎర్నెస్టో నజరెత్ 1909లో రాసిన 'ఓడియన్' అనే చిన్న రచన ఈ అలవాటును తిరగవేస్తుంది. దాని మొదటి భాగంలో పాట ఎడమచేతిదే. గిటారు లావు తీగలు మోగినట్లు అది మంద్రస్థాయిలో నడుస్తుంది. కుడిచేయి పొట్టి పలుకులతో దానికి బదులిస్తుంది. నాకు పియానో వాయించడం రాదు. అయినా ఈ రచనను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

ఇటువంటి సంగీతాన్ని 'చోరో' అంటారు. పోర్చుగీసు భాషలో ఆ మాటకు ఏడుపు అని అర్థం. కాని చాలా చోరోలు హుషారుగానే సాగుతాయి. పందొమ్మిదవ శతాబ్దం చివరి భాగంలో రియో డి జనీరో నగరంలో ఇది రూపుదిద్దుకుంది. ఐరోపా నుండి వచ్చిన పోల్కా నాట్యపు బాణీలు, ఆఫ్రికా నుండి బానిసలుగా తెచ్చిన ప్రజల లయలు ఇందులో కలిశాయి. వేణువు, గిటారు, కవకీన్యో అనే నాలుగు తీగల చిన్న వాద్యం పట్టుకొని చిరుద్యోగులు సాయంత్రాలు ఇళ్ల పెరళ్లలో వాయించుకొనేవారు. నజరెత్ దానిని పియానో మీదికి తెచ్చారు.

చోరోలో తరచుగా వినిపించే ఒక నడకను మీరే పలికి చూడండి. బల్లమీద చేత్తో సమానంగా దెబ్బ వేయండి. ఒక్కొక్క దెబ్బకు 'త-క-ది-మి' అనండి. ఇప్పుడు 'ది' పలకకుండా, 'క'ను దాని మీదికి సాగదీయండి: 'త-కా-మి, త-కా-మి'. బరువు దెబ్బ మీద నుండి పక్కకు జరిగింది కదా! దీనినే సింకోపేషన్ అంటారు. చేతి దెబ్బ నిలకడగా ఉంటేనే ఈ తూగు తెలుస్తుంది. ఫ్రెంచి స్వరకర్త దారియస్ మీయో 1917లో రియోకు వచ్చినప్పుడు ఈ లయ ఆయనను ఆకర్షించింది. కాగితం మీద కనిపించని ఆ చిన్న విరామం పట్టుబడటానికి ఆయన ఎంతో సాధన చేయవలసి వచ్చింది.

నజరెత్ 1863లో జన్మించారు. తొలి పాఠాలు తల్లి దగ్గర నేర్చుకున్నారు. ఆయనకు పదేళ్లు వచ్చేసరికి ఆమె మరణించింది. తర్వాతి కాలంలో జీవనోపాధికి ఓడియన్ అనే సినిమాహాలులో, ఆట మొదలయ్యేవరకు ప్రేక్షకులు వేచి ఉండే గదిలో పియానో వాయించారు. సినిమా కోసం కాక ఆయన వాద్యం కోసమే వచ్చేవారు కూడా ఉండేవారట. ఈ రచనకు ఆ హాలు పేరే పెట్టారు.

1922లో జాతీయ సంగీత సంస్థలో ఆయన తన రచనలు వినిపించవలసి వచ్చినప్పుడు కొందరు అభ్యంతరం చెప్పారు. వీధి సంగీతానికి విద్యాలయంలో చోటేమిటని వారి వాదన. పోలీసులు రావలసి వచ్చింది. చివరి సంవత్సరాలలో ఆయన వినికిడి కోల్పోయి, 1934లో మరణించారు. 2024లో బ్రెజిల్ ప్రభుత్వ సంస్థ చోరోను దేశ సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది.

పాఠాలు రాసే పనిలో ఉన్న నన్ను ఆ 1922 నాటి సంఘటన ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. పెరటిలో, పనిచోట, అమ్మ దగ్గర నేర్చినది విద్య కాదని తేల్చే అధికారం ఎవరిది? ఆ గుమ్మం దగ్గర అడ్డుపడినవారూ చదువుకున్నవారే. మీ చేతికి వచ్చిన ఏ పనిని మీరింతవరకు చదువుగా లెక్కించలేదో ఒకసారి ఆలోచించండి.