మావయ్యగారి రేడియో నాబ్

అచ్చు అనగానే మనకి కజ్జికాయల చెక్క గుర్తొస్తుంది. ఈ మధ్య నాకు సిలికాన్ కూడా గుర్తొస్తోంది.

మావయ్యగారి ట్రాన్సిస్టర్‌కి స్టేషన్ తిప్పే నాబ్, ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. ఆయనకి చూపు బాగా తగ్గింది. రేడియో ఒక్కటే కాలక్షేపం. నాబ్ ఊడిన సన్నటి కడ్డీ ఆయన వేళ్ళకి చిక్కదు. మేం తిప్పిపెడతామంటే "మీకెందుకమ్మా శ్రమ" అనేవారు. పొద్దున్న వార్తల వేళకి ఊరికే కూర్చునేవారు. రిపేరు షాపుల్లో ఆ నాబ్ దొరకలేదు.

వాల్యూమ్ నాబ్ కూడా అదే కొలత. బొమ్మ కార్లకి రెజిన్‌తో చక్రాలు పోసే మా అబ్బాయి "దీనికి అచ్చు తీద్దామమ్మా" అన్నాడు.

చిన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున నాబ్‌ని రెండువైపులా అంటుకునే టేపుతో, రంధ్రం పైకి ఉండేలా అంటించాం. సిలికాన్ ఎంత కావాలో తెలియడానికి ముందు డబ్బాలో బియ్యం పోసి కొలిచాను. అది నా వంటింటి లెక్క! రెండు భాగాలనీ ప్యాకెట్ మీద రాసిన పాళ్ళలో తూచి కలిపాం. నాబ్ మీద కాకుండా డబ్బా మూలన, కాస్త ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తే గాలి బుడగలు తగ్గుతాయి. మర్నాడు అచ్చు సాగదీసి నాబ్ తీసేశాం. రంధ్రం ఉన్నచోట సిలికాన్ చిన్న పుల్లలా నిలబడింది.

అందులో నల్లరంగు కలిపిన ఎపాక్సీ రెజిన్ పోశాం. చేతులకి గ్లౌజులు, కిటికీలు బార్లా. గట్టిపడని రెజిన్ చర్మానికి మంచిది కాదు. వాడిన గ్లాసులు మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు. ఒక రోజు ఆగి తీసి, పైభాగాన్ని ఎమిరీ కాగితంతో రుద్దితే నాబ్ సిద్ధం.

సిలికాన్ ఏదీ వదలదు. పాత నాబ్‌కి ఒకవైపు గీతలు వేళ్ళ రాపిడికి అరిగిపోయాయి. కొత్తదానికీ అదే అరుగుదల వచ్చింది. "సూదితో గీతలు గీసేదా?" అన్నాడు వాడు. వద్దన్నాను.

మావయ్యగారు రేడియో ఒళ్ళో పెట్టుకుని కొత్త నాబ్ మీద బొటనవేలు రెండుసార్లు తిప్పారు.

"ఇది వాల్యూమ్‌ది కదూ? ఇటు ఎందుకు పెట్టారు?"

"అది అక్కడే ఉంది మావయ్యగారూ, చూడండి" అని రెండో చెయ్యి దానిమీద పెట్టాను.

రెండూ తడిమి చూసుకున్నారు. కాసేపు గరగర, ఆ తర్వాత విజయవాడ కేంద్రం పలికింది.