పడవ కాపురం



సేవకుని కుటుంబానికి బదిలీ ఉత్తరం రాగానే మొదట కళ్లముందు కనబడేది సామాను. పద్దెనిమిదేళ్ల కాపురంలో మేము ఐదు పాస్టరు క్వార్టర్సు మారాము. "నాన్నగారూ, సొంత ఊరు అన్నచోట ఏమని రాయను?" అని మా అమ్మాయి బడి ఫారం పట్టుకొని అడిగితే వెంటనే జవాబు చెప్పలేకపోయాము. సొంత ఇల్లు అనే మాట మా ఇంట్లో మెల్లగానే అయినా తరచుగా వినబడుతుంది.

2023 వేసవిలో, ఇంగ్లాండులో నర్సుగా పనిచేస్తున్న మా ఇంటావిడ అక్కగారి కుమార్తె మమ్మును పిలిపించుకొన్నది. ఆమె వెళ్లే సంఘంలో ఒక పెద్దవయసు దంపతులు ఇల్లు అమ్మివేసి, కాలువలో పడవ మీదనే కాపురముంటున్నారు. వారు మమ్మును నాలుగు రోజులు తమతో తీసుకొని వెళ్లారు. అది వూస్టర్ నుండి బర్మింగ్‌హామ్‌కు పోయే కాలువ. 1815లో పూర్తయినది.

ఆ పడవలను న్యారోబోట్లు అంటారు. పొడవు డెబ్బై అడుగుల వరకు ఉన్నా, వెడల్పు మాత్రం ఏడు అడుగులే. అక్కడి లాకులు అంతే ఇరుకు మరి. లాకులంటే ఏమిటో మన గోదావరి డెల్టా వారికి చెప్పనక్కరలేదు. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారు, కాలువలు సాగుకే గాక పడవలకూ పనికిరావాలని తలంచారు. అయితే టార్డెబిగ్ అనేచోట ఒకదాని వెంట ఒకటిగా ముప్పై లాకులున్నాయి. రెండు మైళ్ల పైచిలుకు దూరంలో పడవ 220 అడుగులు పైకెక్కాలి. ఇనుప పిడి తిప్పి నీరు వదలడం, తొట్టి నిండేవరకు ఆగడం, చెక్కదూలానికి వీపు ఆనించి తలుపు తోయడం, మరల పైలాకు దగ్గరకు నడవడం. పొద్దున మొదలుపెడితే సాయంత్రమైంది. మా చేతులు బొబ్బలెక్కాయి. అయినా ఒక్కొక్క తలుపు తెరుచుకొన్నప్పుడు చిన్నపిల్లలవలె సంతోషించాము.

కాలువలో గంటకు నాలుగు మైళ్లకు మించి పోరాదు. కట్టివేసిన పడవల ప్రక్కన ఇంకా నెమ్మదించాలి. గట్టుమీద కుక్కతో నడిచే ముసలాయన మమ్మును దాటిపోయాడు! బాతులు, పచ్చిక, ఇటుక వంతెనలు చూస్తూ పోవడం హాయిగానే ఉంది. కష్టాలూ ఉన్నాయి. నీళ్ల ట్యాంకు నింపుకోవాలి. మరుగుదొడ్డి డబ్బాను మోసుకొని పోయి కేటాయించిన స్థలంలో పారబోయాలి. చలికాలంలో బొగ్గు పొయ్యి, గోడలకు చెమ్మ, కాలువపై మంచు. స్థిరమైన రేవు లేనివారు సాధారణంగా పద్నాలుగు రోజులకు మించి ఒకచోట ఆగరాదు. కొత్త వస్తువు ఒకటి పడవలోకి వస్తే పాతది ఒకటి దిగవలసిందే.

పూర్వం ఇది వేడుక కాపురం కాదు. సరుకు పడవల వెనుక చిన్న గదిలోనే కుటుంబమంతా బ్రతికేది. పడవ ఆగదు గనుక పిల్లలకు బడి లేదు. కోల్‌విల్‌కు చెందిన జార్జ్ స్మిత్ అనే ఆయన ఆ పిల్లల పక్షాన పోరాడగా 1877లో పడవ కాపురాలకు చట్టం వచ్చింది.

ఒక రాత్రి ఆ పెద్దావిడ, తన భర్తకు చలికాలంలో జబ్బు చేసిన సంగతి చెప్పింది. అంబులెన్సుకు ఏ విలాసం చెప్పాలి? అక్కడ ప్రతి వంతెనకు ఒక నంబరుంటుంది. ఆమె ఆ నంబరే చెప్పింది. వాహనం వచ్చేసరికి ఇరుగుపొరుగు పడవలవారు దీపాలతో గట్టుమీద నిలబడి ఉన్నారట.

అది విని, "మనకూ సంఘమే వంతెన నంబరు కదా" అని మేము అన్నాము. మా ఇంటావిడ కాసేపు ఊరుకొని, "వీరు ఉన్న ఇల్లు అమ్ముకొని వచ్చారండీ. మనకు అమ్ముకోవడానికే లేదు. మీరు లేని రోజున నేను ఏ వంతెన దగ్గర ఉండాలి?" అన్నది. ఆ మాటకు ఇరువురమూ మౌనంగా ఉండిపోయాము. పడవ క్రింద నీరు కదలే శబ్దం మాత్రం వినబడింది.

మరునాటి కుటుంబ ప్రార్థనలో ఆదికాండము 23వ అధ్యాయం చదువుకొన్నాము. విశ్వాసులకు తండ్రియైన అబ్రాహాము గుడారాల్లోనే బ్రతికాడు. దానిని గూర్చి మేము ఎన్నో ప్రసంగాలు చేశాము. కాని అదే అబ్రాహాము, శారా మృతినొందినప్పుడు హిత్తీయుడైన ఎఫ్రోను ఉచితంగా ఇస్తానన్నా పుచ్చుకొనలేదు. నాలుగు వందల తులముల వెండి తూచి, మక్పేలా పొలాన్ని పదిమంది ఎదుట కొన్నాడు. పరదేశిగా నడిచేవాడు సైతం తన ఇంటివారి కొరకు కొంత నేల చూచుకోవడం అవిశ్వాసం కాదని ఆ ఉదయం మాకు ధైర్యం కలిగింది.

తిరిగి వచ్చిన నెలలోనే మా ఇంటావిడ పేరున పోస్టాఫీసులో నెలవారీ పొదుపు ఖాతా తెరిచాము. మొత్తం చిన్నదే. రెండు సెంట్ల స్థలానికి ఎన్నేళ్లు పడుతుందో ప్రభువుకే తెలుసు.

సంఘ పెద్దలారా, మీ గ్రామంలో సేవచేసి వెళ్లిపోయిన పాస్టర్ల భార్యలు నేడు ఎక్కడ ఉన్నారో ఒక్కసారి విచారించండి. ఉత్తరం వ్రాయడానికి వారి విలాసం మీవద్ద ఉన్నదా?