చెత్త పాట ఏది? సికింద్రాబాద్ చాయ్ పంచాయితీ

హైదరాబాద్‌లో బిర్యానీ మీద వాదించుకుంటారు. సికింద్రాబాద్‌లోనూ వాదించుకుంటారు గానీ, ఇక్కడ కొన్ని చాయ్ బల్లల దగ్గర ఇంకో పంచాయితీ కూడా ఏళ్ల తరబడి నడుస్తోంది. బీటిల్స్ పాటల్లో అన్నిటికన్నా చెత్త పాట ఏది? మంచి పాట ఏదని మావాళ్లు ఎవరూ అడగరు. అది అడిగితే నలుగురూ నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటారు. చెత్త పాట ఏదని అడిగి చూడండి, వన్ బై టూ చాయ్ చల్లారిపోతుంది, ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు రెండోసారి వస్తుంది, ఇంటి నుంచి ఫోన్లు మొదలవుతాయి.

లివర్‌పూల్ కుర్రాళ్ల పాటల మీద ఇక్కడ తగువేంటి అని మీకు అనిపించొచ్చు. ఈ ఊరి సంగతి తెలిస్తే ఆశ్చర్యం ఉండదు.

కంటోన్మెంటు, రైలు, రేడియో

మూడో నిజాం సికిందర్ జా పేరు మీద 1806లో ఏర్పడిన ఊరు ఇది. బ్రిటిష్ వాళ్ల దండు దిగింది, దండు వెనకాలే చర్చిలు, క్లబ్బులు, బ్యాండు మేళాలు వచ్చాయి. 1874లో రైలొచ్చింది. 1893లో లాలాగూడలో రైల్వే వర్క్‌షాప్ పెట్టారు. దాని చుట్టూ, మెట్టుగూడ వైపు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు స్థిరపడ్డాయి. పగలు ఇంజన్ల మీద పని, సాయంత్రం గిటారు, పియానో. క్రిస్మస్ వచ్చిందంటే రైల్వే క్వార్టర్లలో డ్యాన్సులే డ్యాన్సులు.

తర్వాత రేడియో సిలోన్ ఇంగ్లిష్ పాటల్ని ఇంటింటికీ తెచ్చింది. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ అచ్చేసిన రికార్డులు ఇక్కడి దుకాణాల దాకా వచ్చాయి. ఎస్.డి. రోడ్ మీద సంగీత్ థియేటర్ ఇంగ్లిష్ సినిమాలకు పెట్టింది పేరు. హాలు కూల్చేసి చాలా ఏళ్లయింది. అయినా ఆటోవాలాకి 'సంగీత్' అంటే చాలు, ఇంకో మాట అడగడు. ప్యారడైజ్ సంగతీ అంతే. 1953లో ప్యారడైజ్ టాకీస్‌ని ఆనుకుని చిన్న కెఫేగా మొదలైంది. టాకీస్ పోయింది, పేరు బిర్యానీకి మిగిలింది. హాలు పోయినా పేరు వదలని ఊరు ఇది. యాభై ఏళ్ల కిందటి పాటల మీద పంచాయితీని మాత్రం ఎందుకు వదులుతుంది?

ఎవరి ఓటు దేనికి

మా బల్ల దగ్గర బ్యాంకులో చేసి రిటైరైన బావ ఒకరు, లాలాగూడ వర్క్‌షాప్‌లో పని చేసిన ఆంగ్లో ఇండియన్ పెద్దాయన ఒకరు. ఆయన్ని మేమంతా లోకో అంకుల్ అంటాం. ఇద్దరిదీ ఉప్పు నిప్పు వ్యవహారం.

బావ ఓటు ఎప్పుడూ 'ఆబ్లడీ ఆబ్లడా'కే. "అదేం పాటయ్యా, ఎల్‌కేజీ పిల్లల రైమ్ లాగా!" అంటాడు. నిజానికి ఈ మాట జాన్ లెనన్‌కి కూడా నచ్చేదే. 1968లో పాల్ మెక్‌కార్ట్‌నీ ఆ పాటను రోజుల తరబడి మళ్లీ మళ్లీ రికార్డు చేయిస్తే, విసిగిపోయిన లెనన్ వచ్చి పియానోని దబదబా బాదాడు. ఆ బాదుడే పాటకి ఆరంభంగా మిగిలింది. ఆ రోజుల్లోనే సౌండ్ ఇంజనీర్ జెఫ్ ఎమెరిక్ ఈ గొడవలు నావల్ల కాదని పని వదిలేసి వెళ్లిపోయాడు. ఇంత జరిగిన పాటనే మార్మలేడ్ అనే బృందం పాడితే 1969 జనవరిలో బ్రిటన్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది.

లోకో అంకుల్ ఒప్పుకోరు. "క్రిస్మస్ డ్యాన్స్‌లో ఆ పాట పెడితే ముసలోళ్లు కూడా లేచి ఎగిరేవాళ్లు బాబూ. జనం లేచి ఆడిన పాట చెత్త ఎట్లయితది?" అంటారు. ఆయన ఓటు 'రన్ ఫర్ యువర్ లైఫ్'కి. 1965 నాటి 'రబ్బర్ సోల్' ఆల్బమ్‌లో ఆఖరి పాట. ఇంకొకడితో కనిపిస్తే ఊరుకోనని ప్రియురాల్ని బెదిరించే పాట అది. రాసిన లెననే తర్వాత దాన్ని తన పాటల్లో అస్సలు నచ్చనిదిగా చెప్పుకున్నాడు. "ట్యూన్ మంచిదే. కానీ నాకు ఇద్దరు కూతుళ్లు" అంటారు అంకుల్. ఆ మాటకి బావ దగ్గర కూడా జవాబుండదు.

ఇక 'వితిన్ యు వితౌట్ యు'. పాశ్చాత్య అభిమానులు చాలామంది 'సార్జెంట్ పెప్పర్' వింటూ దాటేసే పాట. 1967లో జార్జ్ హారిసన్ ఒక్కడే, మిగతా ముగ్గురూ లేకుండా, లండన్‌లో ఉన్న భారతీయ కళాకారులతో తంబురా, దిల్‌రుబా, తబలా పెట్టి చేశాడు. ఐదు నిమిషాల పైన ఉంటుంది. వాళ్లకది సాగదీత. మా ఇంట్లో మాత్రం అప్పట్లో ఆ క్యాసెట్ పెడితే వంటింట్లోంచి అమ్మ తల బయటపెట్టి, "ఇప్పుడు కాస్త శ్రుతిలో పడ్డార్రా వీళ్లు" అనేది. అక్కడ బలహీనం అనుకున్న పాట ఇక్కడ ఒక్కటే బాగున్న పాటయింది. పాట మారలేదు, వినే వాకిలి మారింది.

ఫార్వర్డ్ కొడితే టేపు చుట్టుకునేది

తెలుగు సినిమా చూసేవాళ్లకి చెత్త పాట అంటే ఏంటో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. ఆ పాట రాగానే హాలు సగం ఖాళీ, క్యాంటీన్ ఫుల్లు. క్యాసెట్‌కి ఆ సౌకర్యం లేదు. మాటిమాటికీ ఫార్వర్డ్ కొడితే సెల్స్ అయిపోయేవి, లేదంటే టేపు హెడ్‌కి చుట్టుకునేది. పెన్సిలు పెట్టి తిప్పుకుంటూ కూర్చోవాలి. అందుకే నచ్చినా నచ్చకపోయినా పాట మొత్తం వినేవాళ్లం. తిట్టుకుంటూ విన్నదే నోటికొచ్చేసింది.

ఇప్పుడు వేలితో ఒక్క తోపు తోస్తే పాట పోతుంది. పోయినేడాది మా బల్లకి బావ మేనల్లుడు వచ్చాడు, ఇంజనీరింగ్ చదువుతున్నాడు. బీటిల్స్ అంటే ప్రాణం అన్నాడు. చెత్త పాట ఏదో చెప్పరా అంటే బిక్కమొహం వేశాడు. వాడి ఫోన్లో ఉన్నవి పాతిక పాటలు, అన్నీ హిట్లే. "ఓటు వేయాలంటే ముందు ఓటర్ లిస్టులో ఉండాలి కదరా" అన్నాడు బావ. అందరం నవ్వాం గానీ, నాకు మాత్రం కొంచెం దిగులేసింది. ఒక మనిషిని ఇష్టపడ్డామంటే వాళ్ల గురక కూడా తెలిసుండాలి. ఏ పాటలో తేలిపోయారో తెలియకపోతే, ఎక్కడ గెలిచారో మాత్రం ఎలా తెలుస్తుంది?

వాడికి రోషమొచ్చింది. 1968 నాటి 'వైట్ ఆల్బమ్' మొత్తం వింటానని పందెం కట్టాడు. 30 పాటలు, 93 నిమిషాలు. వాటిలో చాలావరకు రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమంలో పుట్టినవే. అన్ని పాటలెందుకు, ఏరి ఒక్క ఎల్‌పీగా వేస్తే సరిపోతుంది కదా అని నిర్మాత జార్జ్ మార్టిన్ అన్నా వాళ్లు వినలేదు. మావాడు సికింద్రాబాద్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి వెళ్లి, అదే రైల్లో తిరిగొచ్చాడు. రానూ పోనూ దాదాపు సరిపోయిందట.

ఆ ఆల్బమ్‌లో 'రెవల్యూషన్ 9' అని ఒకటుంది. ఎనిమిది నిమిషాలకు పైగా పాటా కాదు, ట్యూనూ కాదు. రకరకాల టేపు ముక్కలు అతికించారు. మధ్యమధ్యలో ఒక గొంతు ఒకే నంబరు పలుకుతుంటుంది. అది సంగీత పరీక్షల కోసం చేసిన టేపులోంచి లెనన్‌కి దొరికిన గొంతు. మా బల్ల దగ్గర మిగతావాళ్ల ఓట్లన్నీ దశాబ్దాలుగా దానికే.

"అంకుల్, నాకు అదే నచ్చింది" అన్నాడు వాడు.

బల్లంతా నిశ్శబ్దం.

"ఆఖర్న అది వస్తుంటే రైలు సికింద్రాబాద్‌లో ఆగింది. ఇయర్‌ఫోన్లో నంబరు, బయట స్పీకర్లో నంబరు. జనం అరుపులు, సమోసాలవాడి కేక, పక్క ప్లాట్‌ఫాం మీద ఇంజన్ కూత. ఏది పాటో ఏది స్టేషనో తెలియలేదు."

లోకో అంకుల్ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నప్పట్నుంచీ రైళ్ల మధ్యే బతికిన మనిషికి ఈ సంగతి ఇంతకాలం తట్టలేదు కదా!

మీరు వెళ్తే

స్టేషన్ దగ్గర దిగి, ఎదురుగా ఆల్ఫాలో చాయ్ తాగి, నడుచుకుంటూ క్లాక్ టవర్ దాకా వెళ్లండి. 1897 నుంచి ఊరికి టైమ్ చెబుతున్న గడియారం అది. అక్కణ్నుంచి ఆటో ఎక్కి 'సంగీత్' అనండి. తర్వాత లాలాగూడ వైపు వెళ్తే పెద్ద చెట్ల కింద పాత రైల్వే బంగళాలు ఇంకా కొన్ని కనిపిస్తాయి. వాటిలో గిటారు వాయించిన కుటుంబాలు చాలావరకు ఆస్ట్రేలియాకో ఇంగ్లండ్‌కో వెళ్లిపోయాయి.

లోకో అంకుల్ తమ్ముడు కూడా మెల్‌బోర్న్‌లోనే ఉన్నాడు. మేనల్లుడి ఓటు సంగతి ఆయన వాట్సాప్‌లో పెడితే అటునుంచి వెంటనే వాయిస్ మెసేజ్ వచ్చింది. "ఆ పిల్లాడికి బుద్ధి చెప్పండి. చెత్త పాట అదే. కానీ ఆ స్టేషన్ చప్పుడు ఒకసారి రికార్డు చేసి పంపమనండి."

మొన్న ఆదివారం మావాడు పంపించాడు. ఎనిమిది నిమిషాలు.