జానెడు లేని స్పిట్‌ఫైర్

అసలు స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం రెక్కలు కొస నుంచి కొసకి 11 మీటర్ల పైమాటే. నా బల్ల మీదున్న ప్లాస్టిక్ బొమ్మ అందులో 72వ వంతు, జానెడు కూడా లేదు.

పైలట్ కూర్చునే చోటుకి ముందే రంగులేసుకోవాలి. తర్వాత రెండు బద్దలూ అతికించేస్తే ఆ సీటూ మీటర్లూ దాదాపు కనపడవు. "మరి ఎవరు చూస్తారని?" అంది మా ఆవిడ. నేను చూశానుగా!

ప్లాస్టిక్ జిగురు నిజానికి అంటించదు, అంచుల్ని కరిగించి కలిపేస్తుంది. తప్పు అతికితే ఇక అంతే. పైలట్ నెత్తి మీది అద్దానికి సూపర్ గ్లూ అసలే వద్దు, దాని ఆవిరికి తెల్లగా మసకబారుతుంది. మొదటి విమానంతోనే ఆ పాఠం అయింది నాకు.

పైన ముదురాకుపచ్చ, మట్టిరంగు. పక్కన 'యూఎం' అక్షరాలు. అవి బ్రిటిష్ వాయుసేన 152వ స్క్వాడ్రన్‌వి. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా దాని పేరులో హైదరాబాద్ చేరింది, చిహ్నంలోకి ఆయన తలపాగా ఎక్కింది. 1940లో ఇంగ్లండ్ దక్షిణ తీరాన, వార్మ్‌వెల్ నుంచి ఎగిరి జర్మన్ విమానాలతో తలపడింది ఆ దళం. ఇక్కడ శిస్తు కట్టిన రైతుకి తన పైసలు ఏ మబ్బుల్లో తిరుగుతున్నాయో ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరు. రంగులేస్తున్నంతసేపూ అదే గుచ్చుతోంది.

నీళ్లలో నానిన స్టిక్కర్ అక్షరాల్ని కుంచెతో జరుపుతుంటే 'యూ' కాస్త వంకరగా అంటుకుంది. అలాగే ఉంచేశాను.