తాడు తిప్పేవాడు

2024 నవంబర్ 4

ఏటా జరిగే మెడికల్ ఇవాళ అయింది. షుగరు గీత మీద ఉందట. ఇంకా దాటలేదు. బరువు 84.

"నడుస్తారా?" అన్నాడు డాక్టరు. నడుస్తానన్నాను. అబద్ధం. క్వార్టర్ నుంచి బస్సు దాకా, ప్లాంటు గేటు నుంచి నేను నడిపే క్రేన్ దాకా. దాన్ని నడక అంటారా?

క్రేన్ నిచ్చెన సగంలో ఆగాల్సి వచ్చింది. ఊపిరి అందలేదు. కింద హెల్పరు చూస్తున్నాడు. రోపు చూస్తున్నవాడిలా తల పైకెత్తి నిలబడ్డాను. వాడు నమ్మాడో లేదో.

నాకు యాభై రెండు. నాన్న పోయింది యాభై ఆరుకి.

నవంబర్ 9

బాక్సింగ్ పిల్లలను చూశాను.

ఎలక్ట్రికల్‌లో పనిచేసే మిత్రుడికి ఇన్‌స్పైర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పోర్ట్‌లో ఏదో పని. వెంట రమ్మన్నాడు. 2018 నుంచీ మన విద్యానగర్‌లోనే ఉంది. లోపల అడుగు పెట్టింది ఇవాళే.

హాలు చివర ఒకమ్మాయి తాడాడుతోంది. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. మూడు నిమిషాలు ఆడటం, ఒక నిమిషం ఆగడం, మళ్ళీ మూడు. బౌటు లెక్క కూడా అదేనట. పాదాలు నేలను వదులుతున్నట్టే లేదు. అంగుళం లేస్తాయేమో, అంతే. మోచేతులు ఒంటికి అంటుకునే ఉన్నాయి. తిరిగేది మణికట్టు ఒక్కటే. తాడు కంటికి కనబడదు. చర్ చర్ మని చప్పుడు.

ముఖాన చెమట కారిపోతోంది. పెదాల మీద మాత్రం చిన్న నవ్వు. ఎవరిని చూసీ కాదు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎక్కడిది?

రాత్రి పదకొండు. గుర్తొచ్చింది. అక్క. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్, వేపచెట్టు కింద.

నవంబర్ 13

సండూరు ఉప ఎన్నిక. పొద్దున్నే ఓటేసి వచ్చాను. ఇన్నాళ్ళూ ఊరంతా మైకులే. ఇప్పుడు ఎంత ప్రశాంతంగా ఉందో.

వేలి మీద సిరా ఆరకముందే ఆ వేపచెట్టు సంగతి రాసేయాలి.

బావి చేంతాడు విప్పుకొచ్చేవాళ్ళు. ఒక కొస వేపచెట్టుకు. ఇంకో కొస నా చేతికి. అక్క, గార్డుగారి అమ్మాయిలు ఇద్దరు, ఇంకా ఎవరెవరో. ఒకరి వెనక ఒకరు తాడులోకి దూరేవాళ్ళు, ఎగిరేవాళ్ళు, అటు పక్కకు దూకేవాళ్ళు. పాట కూడా ఉండేది. ఒక్క మాట కూడా గుర్తు రావడం లేదు. జడలు మాత్రం గుర్తున్నాయి. మనిషి కిందికొచ్చాక ఒక్క క్షణం ఆగి కిందికొచ్చే జడలు.

నేను తిప్పేవాణ్ణి. సాయంత్రం మొత్తం. మీటర్ గేజ్ బండి కూత వినబడి అమ్మ కేకేసేదాకా. "వీని చెయ్యి గట్టిదిమ్మే" అనేవాళ్ళు. అదొక గొప్పగా ఉండేది.

ఒకసారి అడిగాను. నేనూ ఎగురుతానని. అందరూ నవ్వారు. అక్క కూడా. "ఆడపిల్లోళ్ళ ఆట రా ఇది. నువ్వు తిప్పు."

మళ్ళీ అడగలేదు. తొమ్మిదేళ్ళవాణ్ణి. ఇన్నేళ్ళకు ఇవాళ ఎందుకు గొంతుకు అడ్డం పడుతోంది?

నవంబర్ 14

రాత్రి సీ షిఫ్టు నుంచి వచ్చి, పడుకోకుండా డాబా ఎక్కాను. దండెం తాడు కోసుకున్నాను. మధ్యలో తొక్కి నిలబడితే కొసలు చంకల దాకా రావాలని మిత్రుడు చెప్పాడు. అలాగే కొలుచుకున్నాను.

నైలాను. బరువు లేదు. గాలికి పక్కకు పోతుంది తప్ప తిరగదు. బకెట్లో ముంచి తీశాను. అప్పుడు తిరిగింది.

ఏడు.

ఏడు సార్లు ఎగిరాను. గుండె చెవుల్లో కొట్టుకుంది. ట్యాంకుకు ఆనుకుని కూర్చున్నాను. దూరంగా చిమ్నీలు, ఆ వెనక సండూరు కొండలు. ఎంతసేపు కూర్చున్నానో.

నవంబర్ 17

పదకొండు. పాదం మొత్తం మోపుతున్నాను, అందుకే చప్పుడు. కింది క్వార్టర్ ఆవిడ మా ఆవిడను అడిగిందట, పొద్దున్నే పైన ఏం దంచుతున్నారని.

"ఏం చేస్తున్నారు పైన?" అంది మా ఆవిడ.

"ఏం లేదు."

ఎందుకు చెప్పలేదు?

నవంబర్ 21

రోపు ఇన్‌స్పెక్షన్. ఆరు పేటలు, పేటకు 36 తీగలు, మధ్యలో కోరు. గుడ్డతో గ్రీజు తుడిచి, టార్చి వేసి, జానా జానా చూడాలి. ఎక్కడ తీగ విరిగింది, ఎక్కడ రోపు సన్నబడింది, ఎక్కడ పేటలు ఉబ్బి విడిపోయాయి. ఇనప రోపు మామూలుగా చెప్పకుండా తెగదు. మొదట ఒక తీగ పోతుంది. తరవాత దాని పక్కది. చూసేవాడికి చెబుతూనే ఉంటుంది.

ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు గొలుసు తెగిన దగ్గర్నుంచి మా క్రేన్లవాళ్ళం కాస్త ఎక్కువసేపే చూస్తున్నాం. పారే నీళ్ళలో, పోయిన గేటు చోట స్టాప్‌లాగ్ పలకలు దించారు అప్పుడు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారు ఆ పెద్ద వయసులో దగ్గరుండి దింపించారు. టీవీలో ఆ బరువు దిగుతుంటే నా చేతులు లివరు మీద ఉన్నట్టే బిగుసుకున్నాయి.

నా ఒంట్లో ఎన్ని తీగలు పోయాయో. టార్చి వేసి చూసేదెవరు?

సాయంత్రం పంతొమ్మిది.

నవంబర్ 28

ఎడమ పిక్క పట్టేసింది. ఇరవై ఆరో ఎగురులో ఎవరో రాయితో కొట్టినట్టు. మెట్లు దిగడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది.

తొందరపడ్డాను. నలభై ఏళ్ళ బాకీ రెండు వారాల్లో వసూలవుతుందా?

మా ఆవిడ ఆవనూనె వెచ్చజేసి తెచ్చింది. అప్పుడు చెప్పాను. ఏమీ అనలేదు. నూనె రాస్తూ అడిగింది, "ఎన్ని ఎగిరారు?"

డిసెంబర్ 3

తాడు లేదు. అయిదు రోజుల నుంచి నడకే.

పక్క బ్లాకు ఒడియా వాళ్ళ పాప బడి బస్సుకు పోతోంది. అయిదేళ్ళు. వాళ్ళమ్మ నడుస్తోంది. పాప నడవడం లేదు, పరిగెత్తడమూ లేదు. ఒక అడుగు వేసి అదే కాలి మీద చిన్న గెంతు. తరవాత రెండో కాలు, మళ్ళీ గెంతు. నీళ్ళ సీసా వీపు మీద టక్కు టక్కు. దానికి మన దగ్గర ఏదైనా పేరు ఉందా? చెంగుచెంగున పోవడం అంటాం. లేగదూడకూ అదే మాట. నాలాంటి వాడు పోతే ఏమంటారు?

నేనూ ఆ వయసులో అట్లాగే పోయి ఉంటాను. ఏ రోజు మానేశాను? ఆ రోజు తేదీ ఎవరైనా రాసి పెట్టుకుంటారా...

డిసెంబర్ 5

క్వార్టర్ల వెనక రోడ్డు. సీ షిఫ్టు దిగి వస్తున్నాను. మంచు. ఎవరూ లేరు.

గెంతాను. పాప పోయినట్టే. మొదట కాళ్ళు తడబడ్డాయి. ఏ కాలు తరవాత ఏ కాలో మెదడు లెక్క వేస్తున్నంతసేపూ కుదరలేదు. లెక్క వదిలేశాక కుదిరింది. కరెంటు స్తంభం నుంచి స్తంభం దాకా. టిఫిన్ క్యారేజీ గలగల.

పిక్క నొప్పి లేదు. నవ్వొచ్చింది. గట్టిగా, బయటికి వినబడేలా నవ్వాను, ఒక్కణ్ణే.

డిసెంబర్ 8

ఆదివారం. హోసపేటెలో నూలు తాడు కొన్నాం, మూడు పేటలది. చేతిలో పట్టుకుంటేనే తెలిసింది, ఇది తిరిగే తాడు.

డాబా మీద మా ఆవిడ అంది, "ఇటివ్వండి."

కొంగు నడుముకు చుట్టి దోపింది. చెప్పులు విడిచింది. ఎగరడం మొదలుపెట్టింది. నేలకు తగిలినట్టే లేదు. చప్పుడు లేదు. ఇరవై, ముప్పై. ముప్పై నాలుగు దగ్గర తనే ఆపేసింది, తాడు తగిలి కాదు. గాజులు సర్దుకుంటూ, "ఆదోనిలో హైస్కూల్లో ఉన్నప్పుడు నాకు ప్రైజు వచ్చింది" అంది.

పెళ్ళై ఇరవై నాలుగేళ్ళు. ఈ మాట నాకు తెలీదు.

ఇంకా ఏమేం తెలీదు?

డిసెంబర్ 14

మా పాప హైదరాబాదు నుంచి వీడియో పంపింది. వాళ్ళమ్మ చెప్పినట్టుంది. "నాన్నా, నువ్వొక్కడివే కాదు."

చంద్రుడి మీద మనిషి. అపోలో 17. 1972 డిసెంబర్, నేను పుట్టిన ఏడాదే. హారిసన్ ష్మిట్ అట. జియాలజిస్టు. మన కొండల్లో ఇనుప రాయి వెతికేవాళ్ళ లాంటివాడే. అంత బరువు సూటు వేసుకుని గెంతుతూ పోతున్నాడు. పాట కూడా పాడుతున్నాడు. అక్కడ మనిషి బరువు ఆరో వంతే. మామూలు నడక కుదరక కాళ్ళే ఆ పద్ధతి వెతుక్కున్నాయని మా పాప రాసింది.

నాలుగుసార్లు చూశాను. పెద్ద చదువు చదివిన మనిషి. భూమి మీద వింటున్నారని తెలిసీ పాడాడు.

డిసెంబర్ 22

ఇవాళ క్రేన్ నిచ్చెన ఆగకుండా ఎక్కాను. పైకెక్కాకే గమనించాను, ఆగలేదని.

హెల్పరు కూరెకుప్పవాడు. వారం రోజులుగా నన్ను చూస్తున్నాడట. "ఏన్ మాడ్తీరి సార్?" అన్నాడు కన్నడంలో, ఏం చేస్తున్నారని. తాడు చూపించాను, సంచిలోనే ఉంది. "హగ్గదాటనా!" అని నోరు తెరిచాడు, తాడాటా అని. వాళ్ళ అవ్వ ఆడేదట. తీసుకుని, మిల్లు బయట రేకుల పక్కన నాలుగు ఎగిరాడు, సేఫ్టీ షూస్‌తోనే. తరవాత ఇంకో ఇద్దరు వచ్చారు. ఎవరూ ఆడపిల్లోళ్ళ ఆట అనలేదు.

అంటారేమోనని ఎదురుచూశాను నేను. అది నిజం.

డిసెంబర్ 29

డాబా మీద ఒక గీత పడింది. ఎర్రదుమ్ము ఎంత ఊడ్చినా మర్నాటికి మళ్ళీ పరుచుకుంటుంది. తాడు తగిలే చోట మాత్రం దుమ్ము నిలవడం లేదు. మూరెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు. సిమెంటు తెల్లగా కనబడుతోంది. దాని ఇవతల నా పాదాల గుర్తులు రెండు.

మా ఆవిడ ఇవాళ ఊడుస్తూ ఆ గీత దాకా వచ్చి, దాన్ని తప్పించి ఊడ్చింది.

2025 జనవరి 1

వంద. మధ్యలో తగలకుండా వంద.

ఎవరికీ చెప్పబుద్ధి కాలేదు. ఇక్కడ రాస్తున్నాను, చాలు.

జనవరి 5

అక్క ఫోను. సంక్రాంతికి వస్తానంది. మోకాళ్ళ నొప్పులట. "మెట్లుంటే కష్టం రా" అంది. మాది రెండో అంతస్తు. ఆ పైన డాబా.

తాడు సంగతి నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమెకసలు గుర్తుందా, ఆ సాయంత్రాలు? ఆమె ఎగిరింది. ఎగిరినవాళ్ళకు తిప్పినవాడు గుర్తుంటాడా?

ఇలా రాయడం తప్పు. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు రాత్రంతా మేలుకుంది అక్కే.

జనవరి 13

భోగి. అక్క హంపి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చింది. "హగరి దాటినాము" అని ఒక ఫోను, "బళ్ళారి వచ్చింది" అని ఇంకొకటి. తోరణగల్లు స్టేషన్లో బండి ఎంతోసేపు ఆగదని ఆమె భయం. సంచి ముందు దిగింది, తరవాత అక్క. చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి ఇంత తేలికైందా?

సంచిలో బొరుగులు. "ఉగ్గాణికి మీ ఊరి బొరుగులు పనికిరావు" అంటుంది. ఎప్పుడూ అనే మాటే.

జనవరి 14

మెట్లు తనే ఎక్కింది. ఒక్కో మెట్టు, గోడ పట్టుకుని. గాలిపటాలు చూస్తానంది.

దండెం మీద తాడు. చూసింది. చేతిలోకి తీసుకుంది. "ఎవరు ఆడేది? నీ పెండ్లామా?"

"నేను."

ఒక్క క్షణం నా వైపే చూసింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఇది పొట్టిది. పెద్దది లేదా?"

కింద స్టోర్లో మోకు ఉంది, సామాన్లు మార్చినప్పటిది. తెచ్చాను. ఒక కొస ట్యాంకు పైపుకు కట్టమంది. ముడి వేశాను, లాగి చూశాను. ఇంకో కొస చేతికి రెండు చుట్లు చుట్టుకుని కుర్చీలో కూర్చుంది. కాళ్ళ మీద కాదు, భుజం మీద తిప్పింది. మొదటి రెండు చుట్లు నేల మీద ఈడ్చుకుపోయాయి. మూడోది లేచింది.

"రా."

బయట నిలబడ్డాను. తాడు వచ్చి పోతోంది. ఎప్పుడు దూరాలి? ఒంటరిగా ఆడేటప్పుడు ఈ ప్రశ్నే లేదు. నా తాడు నా చేతిలో. ఇది ఇంకొకరి చేతిలోది. చిన్నప్పుడు వాళ్ళు ఎలా దూరేవాళ్ళో, ఎన్నిసార్లు చూశాను... తాడు నేలకు తగిలి పైకి పోతుండగా, దాని వెనకే.

"రా రా, ఏం చూస్తావు!"

దూరాను.

అక్క లెక్క పెట్టింది. పైకే. పన్నెండు దగ్గర కాలికి తగిలింది. ఆగిపోయాను. ఆమె చెయ్యి దించలేదు.

"మళ్లా రా."

జనవరి 15

అక్క కుడి భుజానికి మా ఆవిడ జండూ బామ్ రాస్తోంది. నన్ను గదిలోకి రానివ్వడం లేదు. లోపల ఇద్దరూ ఏదో పాట గుర్తు చేసుకుంటున్నారు. ఒకరికి మొదటి మాట దొరికింది, ఇంకొకరికి చివరిది.