ముఖపత్రం మీది సంఖ్య

ముఖపత్రంపై ఐ.ఎస్.ఎస్.ఎన్. కనబడగానే అది నిపుణ సమీక్ష ఉన్న పత్రికేనని పరిశోధక విద్యార్థి నమ్మడం పరిపాటి. ఆ ఎనిమిదంకెల సంఖ్య పత్రికను గుర్తించడానికే తప్ప వ్యాసాల యోగ్యతకు హామీ కాదు. అది వారపత్రికకూ లభిస్తుంది. జాబితాలూ శాశ్వతం కావు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 మే నెలలో తన ఆమోదిత జాబితా నుండి 4,305 పత్రికలను తొలగించింది. తరువాత వచ్చిన కేర్ జాబితాను 2025లో నిలిపివేసింది.

ఇక మిగిలేది వ్యాసాన్నే చదివి తేల్చుకోవడం. అందిన తేదీ, సవరించిన తేదీ విడివిడిగా అచ్చయి ఉంటే కొంత ఆధారం. పత్రిక ఎంత పేరున్నదైనా, సంపాదకీయానికీ గ్రంథసమీక్షకూ సాధారణంగా ఆ పరిశీలన ఉండదు. ఉదాహరించిన పద్యపాఠం ఏ తాళపత్ర ప్రతిలోనిదని అజ్ఞాత సమీక్షకుడు అడిగి ఉంటే, జవాబు అధోజ్ఞాపికలోనైనా కనిపిస్తుంది. రుసుము చెల్లించిన మూడోనాడే వెలువడిన వ్యాసంలో ఆ జాడ వెదకడం వృథా. అటువంటి వ్యాసకర్తకు ఆ ప్రశ్న మొదటిసారి మౌఖిక పరీక్షలోనే ఎదురవుతుంది.